నాలుగు ట్రాకుల కాపురం

నాకు పేరు పెట్టింది ఇంజనీర్లు. అందుకే అందులో కవిత్వం లేదు: స్టూడర్ జె37. నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్‌ని. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ పక్కన రేగెన్స్‌డార్ఫ్ అనే ఊళ్లో విల్లీ స్టూడర్ గారి కర్మాగారం ఉండేది. 1964లో మా రకం అక్కడినుంచి బయటికొచ్చింది. అప్పటికే ఎక్కడ చూసినా ట్రాన్సిస్టర్ల మాటే. నా కడుపులో మాత్రం 52 వాల్వులు. మీట నొక్కి కాసేపు ఆగాలి. అవి వెలిగి, వేడెక్కితే గాని నాకు మాట రాదు. ఒళ్లు బరువు, గుణం నిదానం. ఒక్క మనిషి చంకన పెట్టుకుపోయే వస్తువును కాను.

నా పని చెప్పడం తేలిక, చేయడం కష్టం. అంగుళం వెడల్పున్న టేపు నా మీద సెకనుకు 15 అంగుళాల చొప్పున పరుగెత్తుతుంది. ఆ అంగుళాన్ని నాలుగు దారులుగా పంచుతాను. ఒక్కో దారి ఒక ట్రాకు. టేపు వెళ్లే బాటలో మూడు హెడ్లు వరసగా ఉంటాయి. మొదటిది చెరుపుతుంది, రెండోది రాస్తుంది, మూడోది చదివి వినిపిస్తుంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య కాస్త ఎడం ఉంది. చిక్కంతా అక్కడే. మొదటి ట్రాకులో గిటార్ ఉంది, దాన్ని వింటూ రెండో ట్రాకులో పాడాలి అనుకోండి. మూడో హెడ్డు దగ్గర గిటార్ విని పాడితే, ఆ గొంతు రెండో హెడ్డు దగ్గర టేపు మీద పడేసరికి గిటార్ ముందుకెళ్లిపోయి ఉంటుంది. అందుకని రాసే హెడ్డులోనే గిటార్ ఉన్న భాగం చేత చదివిస్తారు, పక్క భాగం చేత రాయిస్తారు. నాది ఒకే ముఖం, అందులో సగం నోరు, సగం చెవి. ఈ కిటుకు లేకపోతే నేను చెప్పబోయే ఆల్బమే లేదు.

లండన్‌లో అబీ రోడ్డు మీదున్న ఈఎంఐ స్టూడియోలకు మా వాళ్లు 1965లో చేరారు. బీటిల్స్ బ్యాండు పాడేది అక్కడే. నలుగురు మనుషులు, నాలుగు ట్రాకులు, లెక్క సరిపోయిందని మీరనుకోవచ్చు. ఏమాత్రం సరిపోలేదు. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' చేసేటప్పుడు వాళ్ల ఆలోచనలు మా దారుల్లో పట్టేవి కావు. నాలుగూ నిండగానే వాటిని కలిపి ఇంకో జె37 మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దించేవాళ్లు. మిగిలిన దారులు మళ్లీ ఖాళీ. అలా దించిన ప్రతిసారీ టేపు బుస కాస్త పెరిగేది. ఒకసారి కలిసిపోయిన వాద్యాలను తిరిగి విడదీసే వీలూ ఉండేది కాదు. 1967 ఫిబ్రవరి 10న 'ఎ డే ఇన్ ద లైఫ్' పాటకు 40 మంది ఆర్కెస్ట్రా వచ్చి కూర్చుంటే, కెన్ టౌన్సెండ్ అనే ఇంజనీరు మాలో ఇద్దరిని జంటగా కలిపి నడిపించాడు.

ఆ రోజుల్లో నాకు అర్థమైంది ఒకటుంది. నాలుగే దారులు ఉన్నప్పుడు ఏ వాద్యం ఉండాలో, ఏది పోవాలో ముందే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే వాదించుకోవాలి. ఒకరు తెచ్చిన పల్లవికి ఇంకొకరు వంకర మాట ఒకటి కలిపేవారు. ఒకరు తీపి ఎక్కువ చేస్తే రెండోవాడు మొహం చిట్లించేవాడు. నిర్మాత జార్జ్ మార్టిన్ ఓ చూపు చూసేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి ప్రతి స్వరమూ కనీసం ఇద్దరి అభ్యంతరం దాటుకుని వచ్చేది.

1968లో ఎనిమిది ట్రాకుల యంత్రాలు దిగాయి. 1969లో 'అబీ రోడ్' ఆల్బం నాటికి పెద్ద పనంతా వాటిదే. ట్రాకులు రెట్టింపయ్యాయి కదా, గొడవలు సగమవ్వాలి. అవి కూడా రెట్టింపయ్యాయి. బ్యాండు వ్యవహారాలు అలెన్ క్లైన్ అనే మేనేజరు చేతిలో పెట్టాలని ముగ్గురు, పాల్ మెకార్ట్నీ మాత్రం తన భార్య లిండా పుట్టింటివాళ్లయిన ఈస్ట్‌మన్ల చేతిలో పెట్టాలని. 1969 సెప్టెంబరు 20న జాన్ లెనన్ తాను వెళ్లిపోతున్నానని మిగతావాళ్లకు చెప్పేశాడు. విడాకులు కావాలన్నాడు. బయటికి పొక్కనివ్వలేదంతే. పాల్ భార్యాపిల్లలతో స్కాట్లాండ్‌లోని తన పొలానికి వెళ్లిపోయాడు. చిన్న పాప మేరీ అప్పటికి నెలల పిల్ల. మంచం దిగబుద్ధి కాని ఉదయాలు, తాగుడు ముదిరిన సాయంత్రాలు ఆ శరత్కాలమంతా గడిచాయని తరువాతి ఏళ్లలో అతనే చెప్పుకున్నాడు. వయసు 27. కుర్రతనం నుంచీ చేసిన ఒకే ఒక్క ఉద్యోగం పోయింది. కొత్తది వెతుక్కోవడం అతనికి చేతకాని విద్య.

అప్పుడు నాకు కబురొచ్చింది.

1969 డిసెంబరు చివర్లో నన్ను సెయింట్ జాన్స్ వుడ్‌లో కావెండిష్ అవెన్యూలోని పాల్ ఇంటికి చేర్చారు. స్టూడియో నుంచి నడిచి వెళ్లేంత దూరమే. దూరం చిన్నదైనా లోకం మారిపోయింది. స్టూడియోలో నా చుట్టూ తెల్లకోట్లు వేసుకున్న సాంకేతిక నిపుణులు, గాజు తలుపు అవతల మిక్సింగ్ కన్సోలు, దాని మీద ఆడే మీటర్ల ముళ్లు. ఇక్కడ సోఫాలు, పిల్లల బొమ్మలు, తోటవైపు తెరుచుకునే తలుపు. కన్సోలు లేదు. మీటర్లూ లేవు. ఒకటే మైకు. దాని తీగను పాల్ నేరుగా నా వెనకవైపు గుచ్చాడు. మధ్యలో ఇంకెవరూ లేరు. నా బతుకులో ఒక మనిషి గొంతు అంత దగ్గరి దారిలో నా లోపలికి రావడం అదే మొదలు.

నేను పనిచేస్తున్నానో లేదో చూడాలి కదా. అందుకని ముక్క పాట ఒకటి పట్టాడు. పేరు 'ద లవ్లీ లిండా'. నిమిషం కూడా లేదు. మొదటి ట్రాకులో గొంతూ గిటారూ. రెండోదాంట్లో ఇంకో గిటార్. మూడోదాంట్లో పుస్తకం మీద అరచేతులతో తాళం. నాలుగోదాంట్లో బేస్. నాలుగు దారులూ నిండాయి, నాలుగింటిలోనూ ఒకే మనిషి. లిండా తోటలోకి వెళ్తుంటే తలుపు కిర్రుమన్న చప్పుడు కూడా టేపు మీద పడింది. స్టూడియోలో అయితే ఇంజనీరు చెయ్యెత్తేవాడు, మళ్లీ మొదటినుంచి. ఇక్కడ ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ చప్పుడు అలాగే ఉండిపోయింది. తరువాత ఆల్బంలో మొదటి పాటగా కూర్చున్నది కూడా ఈ ముక్కే. తన పేరు మీద వస్తున్న ఆల్బం తలుపును యంత్రం పరీక్షతో తెరిచినవాడు అతను.

మీటర్లు లేకుండా రికార్డు చేయడమంటే ఏమిటో సంగీతం తెలిసినవారికి చెప్పక్కర్లేదు. తెలియనివారికి చెప్తాను. శబ్దం ఎక్కువైతే టేపు దాన్ని మోయలేక బరబరమంటుంది. తక్కువైతే బుసలో మునిగిపోతుంది. మధ్యలో ఎక్కడున్నామో ముల్లు చెబుతుంది. ఆ ముల్లు లేదు. అందుకని పాల్ ముందు వాయిస్తాడు, వెనక్కి తిప్పి వింటాడు. డ్రమ్స్‌లో తాళపు పళ్లేల మోత మింగేస్తోందనిపిస్తే మైకును కాస్త అవతలికి జరుపుతాడు. మళ్లీ వాయిస్తాడు. ఇంజనీరూ అతనే, డ్రమ్మరూ అతనే. మీట నొక్కి, పరుగెత్తుకెళ్లి డ్రమ్స్ వెనక కూర్చోవాలి. ఆ పరుగు కూడా పాటలో భాగమే, మీకు వినిపించదంతే.

అలా రోజులు గడిచాయి. 'వాలెంటైన్ డే' అప్పటికప్పుడు అల్లుకున్నది. 'మామా మిస్ అమెరికా' కూడా అంతే, ఏం వస్తుందో తనకే తెలియకుండా మొదలుపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. 'జంక్' అనే పాట మాత్రం దూరం నుంచి వచ్చింది. 1968లో బీటిల్స్ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నప్పుడు రిషీకేశ్‌లో పుట్టిన పాట అది. 'టెడ్డీ బాయ్' మొదలైంది కూడా అక్కడే. దాన్ని 1969 జనవరిలో బ్యాండు ముందు పెడితే అది సాగలేదు. గంగ ఒడ్డున నలుగురూ కలిసి ఉన్నప్పుడు పుట్టిన రెండు పాటలు, నలుగురూ విడిపోయాక నా నాలుగు దారుల్లోకి వచ్చి చేరాయి. వైన్ గ్లాసుల అంచులు రుద్ది వచ్చిన మోతను కూడా ఒకదాని మీద ఒకటి పరిచి నాకు తినిపించాడు. దాని పేరు 'గ్లాసెస్'.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు అభ్యంతరం చెప్పడం రాదు. కొత్త అల్లుడు అత్తారింట్లో ఏం వడ్డించినా బాగుందన్నట్టు, ఏది ఇచ్చినా పుచ్చుకుంటాను. రెండో చరణం తేలిపోయింది, ఈ వాద్యసంగీతానికి మాటలుంటే బాగుండు, దీన్ని పక్కన పెట్టి ఇంకోటి రాయి అనే మాటలు నా నోట రావు. అవి జాన్ నోట వచ్చేవి. జార్జ్ మార్టిన్ నోట మర్యాదగా వచ్చేవి. ఒంటరిగా పనిచేసే కళాకారుడికి నాలాంటి స్నేహితుడు ప్రమాదమే.

అయితే, ఏడాది పొడుగునా అభ్యంతరాలు తప్ప ఏమీ వినని మనిషి అతను. ఆ శీతకాలంలో అతనికి తలూపే తోడే కావాలేమో. పైగా నా దగ్గర విమర్శ అసలే లేదనడం కూడా తప్పు. ఒక్కటుంది. అతను వాయించిందే అతనికి తిరిగి వినిపించడం. నిన్నటి తన గిటార్‌తో ఇవాళ తన డ్రమ్స్ కలవాలంటే నిన్నటి తనతో సర్దుకోవాలి. నిన్న లయ కాస్త జారితే ఇవాళ డ్రమ్స్ కూడా అదే జారుడులో జారాలి. వాదించడానికి నిన్నటి మనిషి గదిలో లేడు. బ్యాండులో సర్దుబాటు పక్కవాడితో, ఇక్కడ తనతో. ఏది తేలికో చెప్పమంటే, చూసినంతలో నేను రెండోదే కష్టమంటాను.

ఇంట్లో ఈ పని సాగుతుండగానే 1970 జనవరి 3న అతను పాత స్టూడియోకి వెళ్లి, బ్యాండులోని జార్జ్ హారిసన్, రింగోలతో కలిసి 'ఐ మీ మైన్' పాట రికార్డు చేసి వచ్చాడు. జాన్ ఆ రోజు డెన్మార్క్‌లో ఉన్నాడు. ముగ్గురితో అయినా అది బీటిల్స్ పాటే. అక్కడ బ్యాండులో ఒకడు, ఇంటికొచ్చి నా ముందు కూర్చుంటే బ్యాండంతా ఒకడు.

ఫిబ్రవరిలో నా టేపులు విల్స్‌డెన్‌లోని మోర్గన్ స్టూడియోకి ప్రయాణం కట్టాయి. సంగతి గుట్టుగా ఉంచాలని అక్కడ బిల్లీ మార్టిన్ అనే మారుపేరుతో స్టూడియో తీసుకున్నారు. నా నాలుగు ట్రాకులను ఎనిమిది ట్రాకుల టేపు మీదికి ఎక్కించి, ఖాళీ దారుల్లో కొత్తవి చేర్చారు. 'ఊ యు' నా దగ్గర మాటల్లేని వాద్యసంగీతం. ఒక మధ్యాహ్నం భోజనం చేసి, స్టూడియోకి బయలుదేరే లోపు దానికి మాటలు పుట్టాయి. 'క్రీన్ అక్రోర్' పూర్తిగా అక్కడిదే. బ్రెజిల్ అడవుల్లో ఆ పేరుగల తెగ గురించి టీవీలో వచ్చిన చిత్రం చూసి, మర్నాడు డ్రమ్స్ ముందు కూర్చుని వేట ఊపు పట్టాలనుకున్నాడు. పాలూ లిండా జంతువుల్లా అరిచారు. బాణం చప్పుడు కోసం నిజం విల్లే ఎక్కుపెడితే అది విరిగింది. స్టూడియోలో మంట కూడా వేశారు. మంట చప్పుడు పనికిరాలేదు, పుల్లలు విరిచిన చప్పుడు పనికొచ్చింది. ఇంట్లో ఒక్క మైకుతో కూర్చున్నవాడికి స్టూడియో దొరికితే ఎంత ఆడుకున్నాడో చూడండి.

ఇక నాకు కాస్త గుచ్చుకునే సంగతి. ఈ ఆల్బంలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న పాట 'మేబీ ఐయామ్ అమేజ్డ్'. బ్యాండు కూలిపోతుంటే పట్టుకుని నిలబెట్టిన భార్య కోసం రాసిన పాట. అది నా టేపు మీద పుట్టలేదు. ఫిబ్రవరి 22న పాత ఈఎంఐ స్టూడియోకి వెళ్లి ఎనిమిది ట్రాకుల మీద పాడుకొచ్చాడు. పియానో, గిటార్లు, బేస్, డ్రమ్స్ అన్నీ అతనివే, లిండా గొంతు కలిపింది. ఆ పాటకు ఆ గది, ఆ కన్సోలు, ఆ దారులు కావాలని అతనికి తెలిసింది. ఇంట్లో చేసిన ముక్కలన్నీ ఆ పాట దగ్గరికి వచ్చే సాధకమేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసూయ పడటానికి వాల్వులున్న యంత్రానికి వేడి సరిపడా ఉంది.

ఆల్బం సిద్ధమైంది. పేరు 'మెకార్ట్నీ', అంతే. విడుదల తేదీ దగ్గర మళ్లీ పాత కాపురం గుమ్మంలోకి వచ్చింది. రింగో సొంత ఆల్బం మార్చి 27న రావాలి, బీటిల్స్ 'లెట్ ఇట్ బీ' కూడా క్యూలో ఉంది. నీది వెనక్కి జరుపు అని జాన్, జార్జ్ రాసిన ఉత్తరాన్ని రింగో స్వయంగా కావెండిష్ అవెన్యూకి పట్టుకొచ్చాడు. పాల్ కోపంతో ఊగిపోయాడు, రింగోను బయటికి పంపేశాడు. నలుగురిలోకీ గొడవలకు దూరంగా ఉండే రింగోకే ఆ తిట్లన్నీ దక్కాయి. చివరికి పాల్ తేదీయే నిలిచింది.

ఇక్కడ ఇంత గుట్టుగా ఒక్క మైకుతో పని ముగిస్తే, ఏప్రిల్ 1న ఈఎంఐ స్టూడియోలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ 'లెట్ ఇట్ బీ'లోని 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' పాట మీద ఆర్కెస్ట్రానూ స్త్రీల బృందగానాన్నీ పరిచాడు. పాట రాసి పాడిన పాల్‌ను ఒక్క మాట అడగలేదు. విన్నాక అతను అభ్యంతరం చెప్తూ ఉత్తరం రాశాడు. పాట మాత్రం అలాగే బయటికొచ్చింది. తలుపు కిర్రుమన్న చప్పుడు ఉంచాలో తీసేయాలో తనే తేల్చుకునే హక్కు ఎంత విలువైనదో ఆ ఏప్రిల్‌లో అతనికి బాగా తెలిసొచ్చి ఉంటుంది.

ఆల్బం ముందస్తు ప్రతులతో పాటు పత్రికలకు ప్రశ్నలూ జవాబులూ ఉన్న కాగితం ఒకటి వెళ్లింది. లెనన్‌తో కలిసి మళ్లీ పాటలు రాస్తారా అంటే లేదని జవాబు. బ్యాండు వదిలేశానని సూటిగా ఎక్కడా లేదు. ఏప్రిల్ 10న 'డైలీ మిర్రర్' మొదటి పేజీలో పాల్ బీటిల్స్‌ను వదిలేశాడని పెద్ద అక్షరాల్లో వేసింది. ఆరేడు నెలల క్రితమే జాన్ గదిలో చెప్పిన మాటను వీధిలో చెప్పిన నింద పాల్ మీద పడింది. వారం తరువాత, 1970 ఏప్రిల్ 17న బ్రిటన్‌లో ఆల్బం వచ్చింది. సంగీతం కొనడానికి వచ్చినవాడు విడాకుల కాగితం కూడా కొన్నట్టయింది.

అమెరికాలో అది మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. సగం పాటలు సగంలోనే ఆగాయన్నారు, ఇంత పెద్ద సంగీతకారుడు ఇంత చిన్న పని చేశాడేమిటన్నారు. అదే ఏడాది నవంబరులో జార్జ్ హారిసన్ మూడు రికార్డుల 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' తెచ్చాడు. దానికి వాద్యగాళ్ల సేన కదిలింది. డిసెంబరులో జాన్ తన గాయాలన్నీ తెరిచి 'ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' ఇచ్చాడు. వాటి పక్కన మాది ఇంటి చొక్కా వేసుకుని పెళ్లికొచ్చినవాడిలా కనిపించిందని ఒప్పుకుంటాను. డిసెంబరు 31న పాల్ బీటిల్స్ భాగస్వామ్యం రద్దు చేయమని లండన్ హైకోర్టులో దావా వేశాడు. పాటల్లో తేలనిది లాయర్ల దగ్గర తేలడం మొదలైంది.

విమర్శకుల తీర్పును కాలం కొంత సవరించింది. 'మేబీ ఐయామ్ అమేజ్డ్' సింగిల్‌గా అప్పట్లో రాలేదు. 1977లో అతని కొత్త బ్యాండు వింగ్స్ వేదిక మీద పాడిన రూపం అమెరికాలో మొదటి పది పాటల్లోకి ఎక్కింది. తలుపు చప్పుళ్లు, అరకొర పాటలు, ఇంటి గది గాలి ఉన్న రికార్డులను తరువాతి తరాలు ఇష్టపడి చేయడం మొదలుపెట్టాక, మా ఆల్బాన్ని ఆ దారిలో ముందు నడిచినవాటిలో ఒకటిగా లెక్కేశారు.

పాల్ కూడా ఆ పద్ధతిని వదిలేయలేదు. వింగ్స్ చివరి రోజుల్లో, 1979లో నా కంటే చిన్న వయసు స్టూడర్ ఒకటి, 16 ట్రాకులది, తెప్పించుకుని మళ్లీ మైకును నేరుగా దాని వెనక గుచ్చాడు. 1980లో 'మెకార్ట్నీ 2' వచ్చింది. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో సస్సెక్స్‌లో దాదాపు ఒంటరిగానే 'మెకార్ట్నీ 3' చేశాడు. అప్పటికి వయసు 78. మధ్యలో ఎన్నో ఆల్బంలు ఎందరితోనో చేశాడు. ఇంటిపేరు ఒక్కటే పెట్టినవి ఈ మూడే. బ్యాండు సడలినప్పుడో, లోకం తలుపులు మూసినప్పుడో అతను ఈ పద్ధతి దగ్గరికి వస్తాడని నా లెక్క.

ఇవాళ జేబులో పట్టే ఫోన్‌లో నా కంటే ఎన్నో రెట్లు ట్రాకులున్నాయి. గదిలో కూర్చుని ఒక్కరే పాట కట్టేవాళ్లు వేలకు వేలు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. యంత్రం మెచ్చుకుంటోందని మురిసిపోకండి, అది అందర్నీ మెచ్చుకుంటుంది. దాని చేత మీదే మీకు వినిపించుకోండి, అక్కడ అసలు బేరం మొదలవుతుంది. బ్యాండులో తప్పు జరిగితే నలుగురూ పంచుకోవచ్చు, మెప్పు వస్తే నలుగురూ కొట్టుకోవచ్చు. 'మెకార్ట్నీ' ఆల్బంలో ఆ వెసులుబాటు లేదు. తేలిపోయిన చోట్లూ అతనివే, నిలిచిన చోట్లూ అతనివే. ఎవరి నీడా పడకుండా తన కొలత తాను చూసుకోవాలనుకున్న మనిషికి అంతకు మించిన న్యాయమైన లెక్క నాలుగు ట్రాకుల్లో నేను ఇవ్వలేను.